చిన్న నమూనా, అసలు పొడవు

నమూనా విమానం పెట్టె మీద 1:72 అని ఉంటే, దాని మీద ఒక మిల్లీమీటరు అసలు విమానంలో 72 మిల్లీమీటర్లు. ఈ నిష్పత్తి ఏ కొలమానానికైనా వర్తిస్తుంది. అంగుళాల్లో కొలిస్తే ఒక అంగుళానికి 72 అంగుళాలు, అంటే సరిగ్గా ఆరడుగులు. 1:48లో పావు అంగుళం ఒక అడుగవుతుంది. వింతగా కనిపించే ఈ సంఖ్యలు అడుగులు, అంగుళాల లెక్కలోంచి పుట్టినవే.

1:72 స్పిట్‌ఫైర్ (రెండో ప్రపంచ యుద్ధంనాటి బ్రిటిష్ యుద్ధ విమానం) నమూనా రెక్కల కొసల మధ్య దూరం 156 మిల్లీమీటర్లు వచ్చిందనుకుందాం. 156ను 72తో గుణిస్తే 11,232 మిల్లీమీటర్లు, అంటే సుమారు 11.23 మీటర్లు. తొలి స్పిట్‌ఫైర్ల రెక్కల విస్తారం అంతే. గుణకారమంతా మిల్లీమీటర్లలోనే చేసి, మీటర్లలోకి చివర్లో మార్చాలి. మధ్యలో మారిస్తే దశాంశ బిందువు తప్పే ప్రమాదం ఉంది. రెక్కలు కాస్త పైకి వాలి ఉంటాయి కాబట్టి, టేపును వాటి మీదుగా పరచకుండా ఒక కొస నుంచి మరో కొసకు తిన్నగా కొలవాలి.

గుణించేటప్పుడు మన పొరపాటు కూడా పెరుగుతుంది. రూళ్లకర్రతో కొలిచినప్పుడు అర మిల్లీమీటరు అటూ ఇటూ అయితే అసలులో 36 మిల్లీమీటర్ల తేడా. అందుకే చిన్న భాగాలకు వెర్నియర్ కాలిపర్స్ వాడాలి. అయినా సన్నని అంచులను మాత్రం నమ్మకూడదు. ఒక మిల్లీమీటరు మందమున్న ప్లాస్టిక్ రేకు లెక్కలో 72 మిల్లీమీటర్ల లోహమైపోతుంది! అచ్చులో అంతకన్నా పల్చగా పోయడం కష్టం కనుక తయారీదారులు మందం పెంచుతారు.

ఇంతకన్నా పెద్ద ఉచ్చు రైలు నమూనాల్లో ఉంది. బ్రిటన్‌లో వాడే ఓఓ స్కేలులో బండి 1:76.2, పట్టాల మధ్య దూరం 16.5 మిల్లీమీటర్లు. గుణిస్తే 1,257 మిల్లీమీటర్లే వస్తుంది. అసలు పట్టాల దూరం 1,435. బ్రిటిష్ రైలింజన్లు అసలే ఇరుకైనవి, ఇతర దేశాల రైలు నమూనాల్లో వాడే 1:87లో చేస్తే అప్పటి మోటార్లు లోపల పట్టలేదు. దాంతో బండిని పెంచి, పట్టాలను మాత్రం 1:87 కొలతలోనే ఉంచారు. ఇక్కడ పట్టాలను కొలిచి బండి నిష్పత్తి రాబడితే లెక్క తప్పుతుంది.

నిష్పత్తి తెలియని నమూనా అయితే తెలిసిన అసలు పొడవును నమూనా పొడవుతో భాగించాలి. పొడవుతో ఒకసారి, వెడల్పుతో ఒకసారి చేసి చూడండి. పొడవుకు 64, వెడల్పుకు 58 వచ్చిందంటే, కొలిచినదాంట్లో తప్పు లేకపోతే, ఆ బొమ్మను ఒకే నిష్పత్తిలో చేయలేదన్నమాట. అప్పుడు దాని మీద మిగతా కొలతలేవీ గుణించకండి.