గహిర్మఠ: నీటి మీద గీసిన గీత

ఒడిశాలోని గహిర్మఠ తీరానికి ఆలివ్ రిడ్లీ తాబేళ్ళు మూకుమ్మడిగా గుడ్లు పెట్టడానికి వస్తాయని శాస్త్రవేత్తలకు తెలిసింది 1974లో. అప్పటిదాకా ఆ గుడ్లు ఏరుకోవడానికి అటవీశాఖే లైసెన్సులిచ్చేది. 1975లో ఈ తీరాన్ని కలుపుకొని భితర్‌కనిక అభయారణ్యం ఏర్పడింది. 1977లో ఈ తాబేళ్ళు వన్యప్రాణి చట్టంలో అత్యధిక రక్షణ ఇచ్చే మొదటి షెడ్యూలుకెక్కాయి. అలా ఒడ్డుకు కాపలా దొరికింది గానీ, ఎదురుగా ఉన్న సముద్రానికి దొరకలేదు.

అసలు చావులు అక్కడే. నవంబరు నుంచే తాబేళ్ళు తీరం దగ్గరి నీళ్ళలో జతకడతాయి. పెద్ద వలలు లాగే మరపడవలైన ట్రాలర్లకు కావలసిన రొయ్యలూ ఆ నీళ్ళలోనే. తాబేలు గాలి పీల్చుకోవడానికి పైకి రావాలి. గంటల తరబడి లాగే ట్రాల్ వలలో చిక్కితే ఊపిరాడక చస్తుంది. 1990లలో ఏటా వేల కళేబరాలు ఒడ్డుకు కొట్టుకొచ్చాయి. 1997 సెప్టెంబరులో 1,435 చదరపు కిలోమీటర్లను సముద్ర అభయారణ్యంగా ప్రకటించారు. అందులో నేల 27 చదరపు కిలోమీటర్లే, మిగతాదంతా నీళ్ళే.

నీళ్ళలో కంచె వేయలేం కాబట్టి వల మారాలి. తాబేళ్ళను తప్పించే సాధనాన్ని టెడ్ అంటారు. వల గొంతులో, చేపలు చేరే సంచికి ముందు, ఏటవాలుగా బిగించిన లోహపు చట్రం అది. రొయ్యలు కమ్మీల సందుల్లోంచి సంచిలోకి పోతాయి. తాబేలు కమ్మీలకు తగిలి, జారి, వలకు కోసిన రంధ్రం గుండా బయటపడుతుంది. ఆ రంధ్రంలోంచి పెద్ద చేపలూ పోతాయన్నది బోటువాళ్ళ భయం. అందుకే కొందరు దాన్ని కుట్టేస్తారు, లేదా చట్రాన్నే తీసి పక్కన పెడతారు. చెత్తా కట్టెలూ అడ్డుపడితే రొయ్యలు కూడా జారిపోతాయి, కాబట్టి ఆ భయాన్ని కొట్టిపారేయలేం. టెడ్ పెట్టాలన్న నిబంధన చాలావరకు కాగితం దాటకపోవడానికి, నష్టం భర్తీ చేయకపోవడం కూడా ఒక కారణం. తాబేళ్ళ కోసం చేపలవేట ఆపించే నిషేధపు నెలల్లో పూట గడవనిది చిన్న పడవలవాళ్ళకే.

ఒడిశాలోనే గంజాం జిల్లా రుషికుల్య నది ముఖద్వారం సంగతి వేరు. అక్కడ అభయారణ్యం లేదు. 2025లో దాదాపు 7 లక్షల తాబేళ్ళు గుడ్లు పెట్టాయి. పక్క ఊళ్ళలో తెలుగు మాట్లాడే మత్స్యకారులున్నారు. సుమారు 45–50 రోజులకు పిల్లలు ఇసుకలోంచి బయటికొచ్చి వెలుతురువైపు పాకుతాయి. వీధిదీపం వెలుగుతుంటే సముద్రాన్ని వదిలి ఊరివైపే వస్తాయి. అందుకే ఆ రాత్రుల్లో దీపాలు ఆర్పి, ఊరివైపు వల అడ్డుకట్టి, దానికి తగిలిన పిల్లల్ని బుట్టల్లోకెత్తి అలల దగ్గర వదులుతారు.