నాలుగు చోట్ల పనిచేసే పిల్లలు: అపోహలు - వాస్తవాలు

అనంతపురంలో ఒక డిగ్రీ కాలేజీలో పాఠాలు చెబుతూ, కెరీర్ గైడెన్స్ పని కూడా పదకొండేళ్లుగా నేనే చూస్తున్నాను. మా పిల్లల్లో చాలామంది తెల్లవారుజామున పేపర్లు వేసి కాలేజీకి వస్తారు. సాయంత్రం ట్యూషనో, జిరాక్స్ షాపో, డెలివరీయో. పెళ్లిళ్ల సీజన్ వస్తే కేటరింగ్ వాళ్లతో వడ్డనకు పోతారు. డిగ్రీ అయిపోయాక కూడా ఒకటి రెండేళ్లు ఇలాగే గడిచిపోతుంది. ముందు ముందు ఏం చేయాలో ఇంకా తేలదు, ఇంటికి మాత్రం డబ్బు కావాలి. వీళ్ల గురించి ఊళ్లో అనుకునేవి చాలా తప్పు. వీళ్లు తమ గురించి అనుకునేవి కూడా కొన్ని తప్పే.

అపోహ: నాలుగు చోట్ల పనిచేసేవాడు ఎక్కడా నిలబడడు.

పోయిన ఏడాది కళ్యాణదుర్గం వైపు నుంచి ఒక రైతు నా దగ్గరికి వచ్చాడు. కొడుకు మా కాలేజీలోనే బీకాం చేశాడు. "మేడం, మావోడు నాలుగు కాడ పని చేస్తాండాడు. ఎవరన్నా అడిగితే ఏం చేస్తాండాడని చెప్పాల?" అన్నాడు. ఆ మాట అనేటప్పుడు తల పైకెత్తలేదు.

"అన్నా, శెనక్కాయ చేనులో కంది సాళ్లు ఎందుకు వేస్తావు?" అని అడిగాను.

"వాన ఎగ్గొడితే కందులన్నా చేతికొస్తాయని."

"మీవాడూ అదే చేస్తున్నాడు."

కాసేపు ఊరుకుని, "ఏది శెనక్కాయో ఏది కందో నాకు తెలుసు మేడం. వానికి తెలుసునా?" అన్నాడు.

ఆ ప్రశ్నకు నా దగ్గర జవాబు లేదు. మరుసటి రోజు ఆ అబ్బాయిని పిలిచి అడిగితే అతని దగ్గరా లేదు. అప్పటి నుంచి నా పద్ధతే మార్చుకున్నాను. ఎన్ని పనులు చేస్తున్నావని ఎవరినీ అడగను. ఏ పని ఇల్లు గడవడానికి, ఏ పని నేర్చుకోవడానికి, ఏ పని వద్దనలేక ఒప్పుకున్నది? ఇది చెప్పగలిగిన పిల్లవాడు నిలబడని మనిషి కాడు. మొదటి రెండూ ఎన్నాళ్లయినా చేయవచ్చు. మూడోదాన్ని మాత్రం ఎంత తొందరగా వదిలేస్తే అంత మంచిది.

అపోహ: ఎక్కువ డబ్బొచ్చే పనే మేలైన పని.

ఆ అబ్బాయి చేత రెండు వారాలు ఒక నోట్‌బుక్ రాయించాను. ఏ పనికి ఎన్ని గంటలు పట్టింది, పోనురాను ఎంతసేపు, ఖర్చులు పోను ఏం మిగిలింది. చివర్లో ఒక ప్రశ్న: రేపు మళ్లీ ఈ పనికి పోవాలని ఉందా?

డెలివరీలో రోజుకు 600 వస్తుందని గర్వంగా చెప్పేవాడు. నోట్‌బుక్‌లో చూస్తే పెట్రోలుకే 220 పోతోంది. ఆయిలు, టైర్లు, సర్వీసింగుకు రోజుకు ఒక 30 వేసుకుంటే మిగిలేది 350. ఆర్డర్ కోసం హోటళ్ల ముందు నిలబడ్డ సమయంతో కలిపి మొత్తం ఏడు గంటలు. అంటే గంటకు 50 రూపాయలు. పక్కవీధిలో ఇద్దరు అన్నదమ్ములకు చెప్పే ట్యూషన్‌కు నెలకు 3,000. రోజూ గంటంపావు చొప్పున 26 రోజులు వేసుకుంటే గంటకు 90 పైనే పడుతోంది, పెట్రోలు ఖర్చు అసలే లేదు. తను చిన్న పని అనుకున్నది పెద్దదని ఆ రోజు తెలిసింది.

ఆ నోట్‌బుక్‌లో నన్ను ఆపేసిన వాక్యం వేరే ఉంది. జిరాక్స్ షాపు రోజు కింద ఇలా రాశాడు: "ఓనరు స్టాకు లెక్క 1,140 తేడా వచ్చింది. రాత్రి తొమ్మిదిన్నర దాకా కూర్చుని పట్టుకున్నా. టైం తెలియలేదు." మిగతా రోజులన్నిటి కింద "అలసట" అనే మాటే. ఇప్పుడతను ఒక ఆడిటర్ ఆఫీసులో చేరి జీఎస్టీ రిటర్నుల పని నేర్చుకుంటున్నాడు, ట్యూషన్ అలాగే ఉంచుకున్నాడు. జీతం తక్కువే. వాళ్ల నాన్నకు ఊళ్లో చెప్పుకోవడానికి మాత్రం ఒక మాట దొరికింది.

డెలివరీ చేసేవాళ్లకు ఒక మాట. బ్యాంకులో ప్రధానమంత్రి సురక్షా బీమా యోజనకు ఏడాదికి 20 రూపాయలే. ప్రమాదంలో మరణిస్తే కుటుంబానికి 2 లక్షలు ఇస్తారు. 18 నుంచి 70 ఏళ్ల వాళ్లెవరైనా చేరవచ్చు. మే నెలాఖరుకు ఖాతాలో ఆ 20 రూపాయలు ఉండేలా చూసుకోండి. మీ బండి ఇన్సూరెన్స్ సొంత వాడకానికి తీసుకున్నదైతే, డెలివరీలో ఉండగా ప్రమాదం జరిగితే క్లెయిమ్ తిరస్కరించే వీలుంది. అడిగి తెలుసుకోండి.

అపోహ: టీడీఎస్ అని చేతికిచ్చే ముందే పట్టుకున్న పన్ను పోయినట్టే.

ఇది నాకు సొంతంగా తగిలిన దెబ్బ. పీజీ అయ్యాక ఒక కోచింగ్ సెంటర్లో గంటల లెక్కన పాఠాలు చెప్పాను. ప్రతి నెలా 10 శాతం పట్టుకునేవారు. అడిగితే "అది గవర్నమెంటుకు పోయిందమ్మా" అన్నారు, నేనూ నమ్మాను. ఆదాయపు పన్ను రిటర్న్ వేస్తే ఆ డబ్బు వెనక్కి వస్తుందని తెలిసేసరికి గడువు దాటిపోయింది. రెండేళ్ల డబ్బు, అప్పట్లో మా అమ్మ మందులకు సరిపోయే డబ్బు, రాలేదు.

ఆదాయపు పన్ను పోర్టల్‌లో మీ పాన్‌తో లాగిన్ అయితే, ఎవరెవరు ఎంత పట్టుకుని కట్టారో ఫారం 26ఏఎస్‌లో కనిపిస్తుంది. అక్కడ లేకపోతే వాళ్లు కట్టలేదో, ఇంకా లెక్క చూపలేదో, వెంటనే అడగండి. 2025-26 నుంచి కొత్త పన్ను విధానంలో 12 లక్షల దాకా మామూలు సంపాదనకు పన్ను పడదు కాబట్టి, మీలో చాలామందికి పట్టుకున్నదంతా తిరిగి రావాలి. దానికి రిటర్న్ మాత్రం గడువులోపు వేయాలి.

అపోహ: ఉద్యోగం మారినప్పుడల్లా కొత్త పీఎఫ్ నంబరు.

యూఏఎన్ అనే పీఎఫ్ నంబరు జీవితాంతం ఒక్కటే. 20 మంది, అంతకు మించి పనిచేసే చోట చేరితే మొదటి రోజే పాత నంబరు ఇవ్వండి. మానేసిన ప్రతిసారీ పెన్షన్ డబ్బుతో సహా తీసేసుకుంటే, పెన్షన్‌కు కావలసిన పదేళ్ల సర్వీసు లెక్క ఎప్పటికీ పూర్తి కాదు.

అపోహ: పనులు చేసుకుంటూనే గవర్నమెంటు ఉద్యోగానికి ప్రిపేర్ కావచ్చు, నోటిఫికేషన్ పడినప్పుడు చూసుకుందాం.

ఇక్కడ నేను కొంచెం గట్టిగానే చెబుతాను. గవర్నమెంటు టీచర్ పోస్టులకు పెట్టే డీఎస్సీనే చూడండి. 2018 డీఎస్సీ తర్వాత మళ్లీ పరీక్ష జరిగింది 2025లోనే. ఏప్రిల్ 20న 16,347 పోస్టులకు నోటిఫికేషన్ వచ్చింది, జూన్ 6న పరీక్షలు మొదలయ్యాయి. మధ్యలో నెలన్నర. ఆ నెలన్నరలో నాలుగు చోట్లా సెలవు ఎవరిస్తారు? మా పాత విద్యార్థిని ఒకామె షోరూంలో, ట్యూషన్లలో, ఒక స్కూల్లో పనిచేస్తూ ఆ నెలంతా కంటతడితో గడిపింది. డీఎస్సీలో పరీక్షకు 80 శాతం, టీచర్ అర్హత పరీక్ష టెట్‌కు 20 శాతం వెయిటేజీ. ఎన్నేళ్లు ట్యూషన్లు చెప్పినా దానికి మార్కుల్లేవు. కాబట్టి ఆ దారి ఎంచుకుంటే, రేపు మానేస్తానన్నా ఇబ్బంది లేని పని ఒక్కటే ఉంచుకోండి. పుస్తకం ముందు నుంచే తెరిచి ఉండాలి.

ప్రైవేటులో సంగతి వేరు. కేటరింగ్‌లో మూడు వందల మందికి భోజనాల బంతులు ఎలా నడిపించావో ఇంటర్వ్యూలో ఉన్నదున్నట్టు చెప్పు, వింటారు. సర్టిఫికెట్ లేకపోయినా వింటారు. మా పిల్లలు ఆ సంగతే దాచేస్తారు, చిన్నతనమని.

నా గదికి వచ్చేవాళ్లు రెజ్యూమే తేకపోయినా ఫరవాలేదు. రెండు వారాల నోట్‌బుక్ తెండి. అమ్మానాన్నలు వస్తామంటే వాళ్లనూ తీసుకురండి. శనివారం మధ్యాహ్నం రెండు తర్వాత నేను ఖాళీగానే ఉంటాను.