విశాఖ వానాకాలం, ఫ్లూ: జాబితాలో చేరని జ్వరానికి వందేళ్ల నేపథ్యం

తూర్పు తీరంలో మరపడవల వేటకు ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు నిషేధం. ఆ గడువు తీరగానే విశాఖ ఫిషింగ్ హార్బర్ నుంచి బోట్లు మళ్లీ సముద్రం మీదికి వెళ్తాయి. కాస్త అటూఇటుగా అదే వారంలో బడులు తెరుస్తారు, నైరుతి రుతుపవనాలు ఉత్తరాంధ్రకు చేరుకుంటాయి. రెండు నెలలుగా డబ్బు ఆడని ఇళ్లల్లో సంపాదన మొదలయ్యే ఆ రోజుల్లోనే ఇన్‌ఫ్లూయెంజా (ఫ్లూ) కాలం కూడా మొదలవుతుంది. వానలకు ముందు అధికారులు సీజనల్ వ్యాధుల మీద సమీక్షలు పెడతారు. మలేరియా, డెంగీ, చికున్‌గున్యా, టైఫాయిడ్, డయేరియా గురించి గట్టిగానే మాట్లాడతారు. ఫ్లూ ఊసు మాత్రం పెద్దగా రాదు. పత్రికల్లో స్వైన్ ఫ్లూ మరణం అని వార్త వస్తే నాలుగు రోజులు టెన్షన్, ఆ తర్వాత మామూలే.

ఈ మరుపు ఇవాళ్టిది కాదు. ఫ్లూను శాస్త్రీయంగా పట్టుకున్నది చలి దేశాల్లో. 1933లో లండన్‌లో మనిషి నుంచి ఈ వైరస్‌ను తొలిసారి వేరు చేశారు. అక్కడ అది డిసెంబరు నుంచి మార్చి వరకు వచ్చే జబ్బు. వైద్య పాఠాలూ అలాగే రాశారు, టీకా క్యాలెండర్ కూడా అలాగే తయారైంది. వేడి దేశాల్లో ఫ్లూ అంతగా బాధించదనే నమ్మకం చాలాకాలం చలామణీ అయింది. తర్వాత హాంకాంగ్, సింగపూర్, థాయ్‌లాండ్‌లలో లెక్కలు తీస్తే, అక్కడి భారం చలి దేశాలకు ఏమాత్రం తీసిపోదని తేలింది. ఈ వైరస్‌కు రెండు రకాల వాతావరణం అనుకూలం: ఒకటి చలిగా, పొడిగా ఉండే గాలి, రెండోది వానలతో ముద్దగా ఉండే తేమ గాలి. మన దేశంలో రెండూ ఉన్నాయి. శ్రీనగర్‌లో చలికాలంలో వస్తుంది. ఢిల్లీ, పుణె, కోల్‌కతాల్లో వానాకాలంలో. చెన్నైలో అక్టోబరు, నవంబరుల్లో. విశాఖకు నైరుతి వానలూ ఉన్నాయి, అక్టోబరు దాకా సాగే తుపానుల వానలూ ఉన్నాయి. అంటే ఇక్కడ జాగ్రత్త పడాల్సిన కాలం చాలా పొడుగు.

ఈ జబ్బు మన దేశాన్ని కుదిపేసింది 1918లో. ఆ వేసవి చివర ఓడల ద్వారా బొంబాయికి చేరింది. జూన్‌లో మెల్లగా వచ్చిన మొదటి విడతను ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు. సెప్టెంబరులో మొదలైన రెండో విడత రైలు దారులు పట్టుకుని దేశమంతా పాకింది. ఆ ఏడాది వానలు విఫలమయ్యాయి, గింజల ధరలు మండిపోయాయి, చాలామంది డాక్టర్లు మొదటి ప్రపంచ యుద్ధం పనిలో ఉన్నారు. ఎంతమంది చనిపోయారన్నది ఇప్పటికీ అంచనాల మాటే. అప్పటి ప్రభుత్వం తొలుత 60 లక్షలంది. తర్వాతి పరిశోధకులు 1.2 కోట్ల నుంచి 2 కోట్ల వరకు చెప్పారు. దేశ జనాభా తగ్గినట్టు చూపిన జనగణన మన చరిత్రలో 1921 నాటిది ఒక్కటే.

విశాఖ అప్పట్లో ఉన్న మద్రాసు ప్రెసిడెన్సీకి దెబ్బ బొంబాయి కంటే తక్కువ తగిలింది. జబ్బు తూర్పుకు వచ్చేకొద్దీ తీవ్రత తగ్గిందని తర్వాతి అధ్యయనాలు చెప్పాయి. అప్పటి విశాఖలో ఇప్పటి హార్బర్ లేదు. ఓడలు దూరంగా లంగరేస్తే పడవల మీద సరుకు దించేవారు. కలకత్తా వైపు నుంచీ మద్రాసు వైపు నుంచీ వచ్చే రైలు దారులు మాత్రం వాల్తేరులో అప్పటికే కలిశాయి. ఇవాళ ఉత్తరాంధ్ర అంతటికీ దిక్కయిన కింగ్ జార్జ్ ఆస్పత్రి (కేజీహెచ్), ఆంధ్ర మెడికల్ కాలేజీ రెండూ 1923లో వచ్చినవే. 1918లో పల్లెల్లో చావులను రాసుకున్నది డాక్టర్లు కాదు, గ్రామోద్యోగులు. వాళ్ల పుస్తకాల్లో ఆ చావుల్లో చాలా భాగం ఒకే గడిలో పడ్డాయి: జ్వరాలు. మలేరియాతో పోయినవాళ్లూ ఫ్లూతో పోయినవాళ్లూ అందులోనే. ఇన్నాళ్ల తర్వాత ఎన్ని అంచనాలు వేసినా కోట్లలో తేడా వస్తోందంటే మూలం ఇక్కడే ఉంది.

1957లో రెండో పెద్ద విడత ఆసియా ఫ్లూ పేరుతో వచ్చింది. మే నెలలో సింగపూర్ నుంచి వచ్చిన ఓడతో మద్రాసులో దిగింది. అప్పటికి ప్రపంచ ఆరోగ్య సంస్థ ఫ్లూ నిఘా వ్యవస్థ ఏర్పడి ఐదేళ్లు, అందులో భాగంగా నీలగిరుల్లోని కూనూరులో ఒక కేంద్రం పనిచేస్తోంది. 1958 ఫిబ్రవరి నాటికి దేశంలో సుమారు 44.5 లక్షల కేసులు, 1,098 మరణాలు నమోదయ్యాయి. దాదాపు 40 కోట్ల జనాభాలో ఆ మరణాల సంఖ్య నిజమని నమ్మడం కష్టం. ఎవరో ఒకరు కాగితం మీద రాసినవాళ్లే అందులో ఉన్నారు. అప్పటికి విశాఖ మారిపోయింది. 1933లో హార్బర్, ఆపైన షిప్‌యార్డ్, ఆ 1957లోనే కాల్‌టెక్స్ రిఫైనరీ. ఇరుకు గదుల్లో పదేసిమంది ఉండే కూలీల నగరం తయారైంది. 1968లో వచ్చిన హాంకాంగ్ ఫ్లూ వైరస్ హెచ్3ఎన్2. 2023 మార్చిలో దేశమంతా దగ్గుతో అల్లాడినప్పుడు మనం విన్న పేరు అదే. ఇది పాత చుట్టం, ఎప్పుడూ వెళ్లిపోలేదు.

ఇక 2009. దేశంలో తొలి స్వైన్ ఫ్లూ కేసు ఆ మే నెలలో హైదరాబాద్‌లోనే తేలింది, అమెరికా నుంచి విమానంలో వచ్చిన ప్రయాణికుడికి. జూన్ 11న ప్రపంచ ఆరోగ్య సంస్థ దాన్ని మహమ్మారిగా ప్రకటించింది. ఆగస్టులో పుణెలో తొలి మరణం. విశాఖలో అంటువ్యాధులంటే అందరికీ తెలిసిన చోటు పెదవాల్తేరులోని ఛాతీ ఆస్పత్రి. స్వైన్ ఫ్లూ అనగానే చూపులు అటే తిరిగాయి. ఆ భయంతో ఎన్నో కుటుంబాలు రోగిని చూడటానికి కూడా జంకాయి.

ఆ మహమ్మారి ముగిసినా వైరస్ పోలేదు. మామూలు సీజనల్ ఫ్లూగా మనతోనే ఉండిపోయింది. 2015లో దేశంలో 42,592 కేసులు, 2,990 మరణాలు నమోదయ్యాయి. 2017లో మళ్లీ 38,811 కేసులు, 2,270 మరణాలు. ఈ అంకెల వెనుక ఒక పద్ధతి ఉంది, దాన్ని అర్థం చేసుకోవాలి. ప్రభుత్వ మార్గదర్శకాలు రోగులను మూడు వర్గాలు చేశాయి. కొద్దిపాటి జ్వరం, దగ్గు ఉంటే ఎ. జ్వరం ఎక్కువగా ఉన్నా, గర్భిణులు, వృద్ధులు, షుగర్, గుండె జబ్బులున్నవాళ్లయినా బి. ఆయాసం, ఛాతీ నొప్పితో ఆస్పత్రిలో చేర్చాల్సినవాళ్లు సి. ల్యాబ్ పరీక్ష ప్రధానంగా సి వర్గానికే. వైద్యం కోణంలో ఇది సబబే, అందరికీ పరీక్ష అక్కర్లేదు. కానీ అదే అంకెను జబ్బు భారానికి కొలతగా తీసుకుంటే పెద్ద పొరపాటు. ఫ్లూ కాలంలో శ్వాస, రక్తప్రసరణ సంబంధ మరణాలు మామూలు కంటే ఎంత పెరుగుతున్నాయో చూసి లెక్క కట్టిన అధ్యయనం ఒకటుంది. 2010 నుంచి 2013 మధ్య దేశంలో ఏటా సుమారు 1.27 లక్షల మరణాలు ఫ్లూతో ముడిపడ్డాయని అది చెప్పింది. నమోదైనది వేలల్లో, అంచనా లక్షల్లో. ఫ్లూ వచ్చిన వారంలో గుండెపోటు ముప్పు దాదాపు ఆరు రెట్లు పెరిగినట్టు కెనడాలో జరిగిన అధ్యయనంలో తేలింది. మన దగ్గర అరవై దాటిన పెద్దాయన దగ్గు, జ్వరంతో పడి నాలుగో రోజు గుండెపోటుతో పోతే, ఆ చావును ఫ్లూ ఖాతాలో రాసేవాళ్లు ఎవరు?

డబ్బు సంగతి ఇంకా తక్కువ కనిపిస్తుంది. థాయ్‌లాండ్‌లో ఫ్లూ వల్ల కలిగే ఆర్థిక నష్టాన్ని లెక్కకట్టినప్పుడు సగానికి పైగా పోయిన పనిదినాల రూపంలోనే ఉంది. ఆస్పత్రి బిల్లు రెండో స్థానంలోనే. విశాఖకు ఇది అక్షరాలా వర్తిస్తుంది. గాజువాకలో, ఆటోనగర్‌లో కాంట్రాక్ట్ కార్మికుల్లో చాలామందికి ఈఎస్ఐ, అంటే కార్మికుల ఆరోగ్య బీమా ఉంది. జబ్బు చేస్తే జీతంలో 70 శాతం భృతి, ఏడాదికి 91 రోజుల వరకు. మంచి ఏర్పాటు. అయితే చట్టం ప్రకారం మొదటి రెండు రోజులకు మామూలుగా ఆ భృతి రాదు. ఫ్లూ జ్వరం ఉండేదే మూడు నుంచి ఐదు రోజులు. అంటే ఆ రక్షణలో పెద్ద ముక్క మొదటే ఊడిపోతుంది. పూర్ణా మార్కెట్‌లో మూటలు మోసేవాళ్లకు, ఆటో నడిపేవాళ్లకు, బోటు మీద వాటా కూలికి వెళ్లే కళాసీలకు అదీ లేదు. ఇంట్లో ఒకరితో ఆగదు కూడా. బడి నుంచి చిన్నది తెస్తుంది, తర్వాత అన్నకు, ఆ తర్వాత నానమ్మకు. ఇళ్లల్లో పనిచేసే తల్లి రెండు వారాలు ఎవరికో ఒకరికి సేవ చేస్తూ కూర్చుంటుంది. ఆమె పోగొట్టుకున్న కూలి ఏ లెక్కలోనూ రాదు.

దీనికి తోడు అక్కర్లేని ఖర్చు. ఫ్లూ వైరస్ మీద అజిత్రోమైసిన్ లాంటి యాంటీబయాటిక్ పనిచేయదు. అయినా మందుల షాపులో అడిగితే చేతిలో పెడతారు. నీరసంగా ఉందంటే వీధి చివర ఆర్ఎంపీ సెలైన్ ఎక్కిస్తాడు. ఫ్లూ మీద నిజంగా పనిచేసే మందు ఒసెల్టామివిర్, అంటే టామిఫ్లూ. మొదటి 48 గంటల్లో వేసుకుంటేనే బాగా పనిచేస్తుంది. 2009లో దాన్ని గట్టి ఆంక్షల మధ్య ఉంచారు. 2017లో సడలించి, డాక్టర్ చీటీ ఉంటే మామూలు షాపుల్లోనూ దొరికేలా చేశారు. ఇది సరైన అడుగే. కానీ మంచి మందు ఆలస్యంగా, పనికిరాని మందు ముందుగా అందుతున్న పరిస్థితి మారలేదు. 2021-22లో దేశంలో మొత్తం ఆరోగ్య ఖర్చులో 39.4 శాతం జనం సొంత జేబులోంచి పెట్టారు. ఇలాంటి చిన్న చిన్న జ్వరాల ఖర్చు కూడా అందులోదే.

కోవిడ్ కాలంలో మాస్కులు, మూతపడ్డ బడుల వల్ల ఫ్లూ దాదాపు కనిపించకుండా పోయింది, 2022లో తిరిగొచ్చింది. ఆ రెండేళ్లలో నగరంలో పీసీఆర్ పరీక్షలు చేసే శక్తి ఎన్నో రెట్లు పెరిగింది. ఆ యంత్రాలతో జూన్ నుంచి నవంబరు దాకా వారానికి కొన్ని ఓపీ శాంపిళ్లు, ఎ, బి వర్గాల వాళ్లవి కూడా, పరీక్షిస్తే చాలు. విశాఖలో ఫ్లూ ఏ నెలలో ఎక్కుతోంది, ఏ నెలలో దిగుతోందన్నది రెండు మూడేళ్లలో తేలిపోతుంది. టీకా ఎప్పుడు వేయాలన్నది దాని మీదే ఆధారపడి ఉంది. వానాకాలంలో ఫ్లూ వచ్చే చోట్ల ఏప్రిల్, మే నెలల్లో వేయాలన్నది నిపుణుల సూచన.

ఆ టీకా ఏటా వేసుకోవాలి. వైరస్‌కు బాగా సరిపోలిన ఏడాదుల్లో జబ్బును 40 నుంచి 60 శాతం తగ్గిస్తుంది. అందరికంటే ముందు గర్భిణులకు ఇవ్వాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2012లోనే చెప్పింది. ప్రైవేటు క్లినిక్‌లో దాని ధర సుమారు 1,500 నుంచి 2,000 రూపాయలు. సార్వత్రిక టీకా కార్యక్రమంలో అది లేదు. గర్భిణికి ధనుర్వాతం టీకా ఉచితంగా వేసే అర్బన్ హెల్త్ సెంటర్‌లో ఈ టీకా అడిగితే, బయట వేయించుకోమని చెప్పడం తప్ప అక్కడి నర్సు చేయగలిగింది ఏమీ లేదు.