చెల్లాయికి ఒకేసారి సీసా నిండా పాలెందుకు పట్టకూడదు?

ప్రియమైన పిల్లలకు,

మూడు వారాల క్రితం మా అమ్మాయికి రెండో కాన్పులో ఆడపిల్ల పుట్టింది. కాన్పు కష్టమై, తల్లిని కొన్ని రోజులు వేరే వార్డులో ఉంచి చికిత్స చేయవలసి రావడంతో, బిడ్డకు పాలపొడి కలిపి పట్టమని డాక్టరుగారు చెప్పారు. తల్లి కోలుకుని ఇంటికి వచ్చాక తన పాలు ఇస్తూనే ఉంది కాని, అవి ఇంకా చాలినన్ని రానందువల్ల డబ్బాపాలు కూడా సాగుతున్నాయి. మొన్న ఆదివారం మా పెద్ద మనవరాలు, తొమ్మిదేళ్ల పిల్ల, ఫోనులో నన్ను ఇలా అడిగింది: “తాతయ్యా, చెల్లాయికి మూడు గంటలకొకసారి కాసిని పాలే పడుతున్నారెందుకు? పడుకునే ముందు ఒకేసారి సీసా నిండా పట్టేస్తే రాత్రంతా నిద్రపోతుంది కదా, అమ్మమ్మ కూడా పడుకుంటుంది కదా?”

రాత్రిళ్లు నిద్రలేక వాడిపోయిన అమ్మమ్మ ముఖం చూసి కలిగిన ప్రశ్న అది. ఇంట్లో పసిబిడ్డ ఉన్న ప్రతి అక్కకూ, ప్రతి అన్నకూ ఇదే సందేహం రావచ్చు గనుక, జవాబును ఆ పిల్లకు ఒక్కదానికే కాక మీ అందరికీ వ్రాస్తున్నాను.

మీలో ఎందరు నారుమడిని, అంటే వరి నారు పెంచే మడిని, దగ్గరగా చూశారో గాని, నేను పుట్టి పెరిగిన కోనసీమలో జ్యేష్ఠమాసం వచ్చిందంటే అందరి నోటా అదే మాట. ధవళేశ్వరంలో కాలువలకు నీరు వదిలారని తెలియగానే వడ్లు నానబోసి, మొలకెత్తడానికి గోనెసంచుల్లో మండె కట్టి, తెల్లని మొలక ముక్కు బయటపెట్టాక, నీటితో బురదగా దున్ని, అంటే దమ్ము చేసి, చదును చేసిన మడిలో చల్లేవారు. ఆ మొలకకు నీరే ప్రాణం. అయినా మొదటి వారం రోజులు మడిలో నీరు నిలవనిచ్చేవారు కాదు. తడిపి తీసివేసి, మట్టి బిగిసిపోకముందే మళ్లీ తడిపేవారు. దానినే ఆరుతడి అంటారు. మొక్క అంగుళం లేచిన తరువాత మాత్రమే పలుచగా నీరు నిలిపి, మొక్క ఎదిగినకొద్దీ ఆ నీటిని పెంచేవారు.

నాకు కూడా అప్పుడు తొమ్మిదేళ్లే. ఒక సాయంత్రం మా నాన్నగారు నన్ను మడి దగ్గర ఉంచి, మట్టి తడిసిన వెంటనే బోదె, అంటే పిల్లకాలువ, నుంచి నీరు వచ్చే గండిని కట్టివేసి ఇంటికి రమ్మన్నారు. నీరు ఎక్కువగా తాగితే మొలక త్వరగా ఎదుగుతుందని నాకు తోచింది. గండి కట్టకుండానే వచ్చి, కట్టానని చెప్పి పడుకున్నాను. తెల్లవారి వెళ్లి చూస్తే మడి చెరువులా ఉంది. చల్లిన మొలకలన్నీ తేలి, గాలి తోసిన వైపుకు కొట్టుకుపోయి, ఒక మూలన గట్టు వెంట కుప్పపడి ఉన్నాయి. మా నాన్నగారు నన్ను కొట్టలేదు, కోపగించుకోనూ లేదు. పంచె పైకి కట్టి మడిలోకి దిగి, కుప్పపడిన మొలకలను దోసిళ్లతో తీసి మళ్లీ మడి అంతటా పరుస్తూ ఉంటే, గట్టు మీద నిలబడి ఏడ్చాను. చేసిన తప్పు కంటే చెప్పిన అబద్ధమే నన్ను ఎక్కువగా బాధించింది. పసిబిడ్డకు పాలు పట్టే ఇంట్లో, ఎన్ని పాలు తాగిందో, ఎప్పుడు తాగిందో ఉన్నది ఉన్నట్టు చెప్పడం ఎంత అవసరమో ఆ మడి గట్టు మీదే నాకు తెలిసిందని ఇప్పుడు అనిపిస్తున్నది.

మీ చెల్లాయి పొట్ట ఆ మొదటి వారపు నారుమడి వంటిది. డాక్టరుగారు చెప్పిన లెక్క మీరే వేసి చూడవచ్చు. డబ్బాపాలు తాగే బిడ్డకు పుట్టిన రోజున, బరువులో ప్రతి కిలోకు రోజు మొత్తం మీద సుమారు 60 మిల్లీలీటర్లు ఇస్తారు. మా పాప పుట్టినప్పుడు 3 కిలోలు ఉంది. అంటే రోజంతటికీ 180 మిల్లీలీటర్లు. వాటిని ఎనిమిది విడతలుగా పంచితే ఒక్కొక్క విడతకు 22 మిల్లీలీటర్లు చిల్లర, అనగా మందు తాగే 5 మిల్లీలీటర్ల చెంచాతో నాలుగున్నర చెంచాలు. ఆ పైన రోజుకు కిలోకు 20 మిల్లీలీటర్ల వంతున పెంచుకుంటూ పోయి, వారం తిరిగేసరికి కిలోకు సుమారు 150 మిల్లీలీటర్లకు చేరుస్తారు. అప్పుడు రోజుకు 450, విడతకు 55 నుంచి 60. నెల నిండి బరువు 4 కిలోలైతే అదే లెక్క రోజుకు 600 అవుతుంది. నెలలు తక్కువగా పుట్టిన బిడ్డలకు, బరువు తక్కువ ఉన్న బిడ్డలకు ఈ లెక్క చెల్లదు; వారి లెక్క డాక్టరుగారే వేయాలి.

ఇది కొంచెమే అనుకోకండి. మీ బరువు 25 కిలోలైతే, ఆ లెక్కన మీరు రోజుకు 3 లీటర్ల 750 మిల్లీలీటర్ల పాలు తాగవలసి వస్తుంది! అయిదు నెలలు వచ్చేసరికి తన బరువును రెట్టింపు చేసుకోవలసిన పని ఆ చిన్న ప్రాణానిది. అంత ఆహారాన్ని అంత చిన్న పొట్టలోకి చేర్చాలంటే కొంచెం కొంచెంగా, మళ్లీ మళ్లీ పట్టడం తప్ప మరో దారి లేదు. పైగా, మింగిన పాలు పైకి రాకుండా పొట్ట ముఖద్వారం వద్ద బిగించి పట్టే కండరం పసిబిడ్డల్లో ఇంకా బలపడి ఉండదు. సీసా నిండా పట్టిస్తే కట్టని గండి లాగా పాలు వెనుకకు వస్తాయి, కడుపు ఉబ్బి బిడ్డ బాధపడుతుంది. ఇక రాత్రంతా నిద్ర అన్నావు గదా, మొదటి వారాలలో అది మనం కోరుకోదగినది కాదు తల్లీ. పసిబిడ్డ ఒంట్లో దాచుకున్న శక్తి చాలా తక్కువ. పుట్టినప్పటి బరువును తిరిగి అందుకొనే వరకు, నాలుగు గంటలు దాటి నిద్రపోతే మెల్లగా లేపి అయినా పాలు పట్టాలి. తల్లిపాలు త్వరగా అరుగుతాయి కనుక అవి తాగే బిడ్డ రోజుకు ఎనిమిది నుంచి పన్నెండు సార్లు అడుగుతుంది. డబ్బాపాలు కాస్త నెమ్మదిగా అరుగుతాయి కనుక సుమారు మూడు గంటలకొకసారి సరిపోతుంది.

నారుమడిలో ఇంకొక సంగతి ఉంది. ఎరువు ఎక్కువైతే నారు మాడిపోతుంది, తక్కువైతే పసుపుపచ్చగా పాలిపోతుంది. పాలపొడి కూడా అంతే. పొడి ఎక్కువ కలిపితే పాలు చిక్కనై బలం వస్తుందని కొందరు పెద్దవాళ్లే అనుకుంటారు. కాని అందులోని లవణాలను వడకట్టి బయటికి పంపే శక్తి పసిబిడ్డ మూత్రపిండాలకు ఇంకా ఉండదు, ఒంట్లో నీరు తగ్గిపోతుంది. డబ్బా త్వరగా అయిపోతున్నదని నీళ్లు ఎక్కువ పోస్తే, పొట్ట నిండినట్టే ఉండి బిడ్డ ఆకలితో ఉంటుంది, ఎదగదు. ఒంట్లో ఉప్పు పలుచబడి ఫిట్స్ కూడా రావచ్చు. ఆరు నెలల వరకు విడిగా నీళ్లు తాగించకూడదనడానికి కూడా ఇదే కారణం. మన దగ్గర దొరికే చాలా డబ్బాలకు 30 మిల్లీలీటర్ల నీటికి ఒక చెంచా పొడి అని ఉంటుంది. అయినా ఏ డబ్బాకు ఆ డబ్బా మీది లెక్కే చదువుకోవాలి, ఆ డబ్బాలో వచ్చిన చెంచానే వాడాలి. ముందు నీరు కొలిచి పోసి, ఆ తరువాతనే పొడి వేయాలి. చెంచా మీద గోపురంలా నిలిచిన పొడిని కత్తి వీపుతో చదును చేయాలి. అమ్మమ్మ ఆ పని చేసేటప్పుడు మీరు పక్కన నిలబడి చెంచాలు పైకి లెక్కపెట్టండి. నిద్రమత్తులో లెక్క తప్పడం ఎవరికైనా సహజమే, మీ గొంతు ఆమెకు సాయమవుతుంది.

నీరు మాత్రం మీరు ముట్టుకోవద్దు, అది వేడిగా ఉంటుంది. పాలపొడి చూడటానికి ఎంత శుభ్రంగా ఉన్నా అందులో కంటికి కనబడని సూక్ష్మజీవులు ఉండవచ్చు. అందువల్ల మరగకాచిన నీరు 70 డిగ్రీల కంటే చల్లారకముందే, అంటే దించిన అరగంట లోపునే, పొడి కలపమని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2007లో చెప్పింది. కలిపిన తరువాత సీసాను చల్లని నీటిలో ఉంచి గోరువెచ్చగా చేసి, మణికట్టు లోపలి వైపు ఒక చుక్క వేసుకుని చూసి పడతారు. కలిపిన పాలు రెండు గంటల లోపున వాడాలి. తాగగా మిగిలినవి ఎన్ని ఉన్నా పారబోయాలి. పాలు పారబోయడం మన ఇళ్లలో ఎవరికైనా మనసొప్పని పని. కాని బిడ్డ నోరు తగిలిన పాలు ఎంగిలి అయినట్టే, ఆ ఎంగిలిలో సూక్ష్మజీవులు గంటల్లో పెరుగుతాయి.

మా ఇంట్లో సీసా లేదు, ఉగ్గుగిన్నె ఉండేది. అరచేతిలో ఇమిడే ఇత్తడి గిన్నె, దానికి పిచ్చుక ముక్కు వంటి కొమ్ము. మా తమ్ముణ్ణి నాయనమ్మ కాళ్ల మీద పడుకోబెట్టుకుని, ఆ కొమ్ముతో నాలుగు చుక్కలు పోసి, వాడి గొంతు కదిలేదాకా ఆగి, మళ్లీ నాలుగు చుక్కలు పోసేది. అలా ఆగడంలో ఆమెకు ఎన్నడూ విసుగు రావడం నేను చూడలేదు. అందులో ఆమె పోసినవి నీరు కలిపిన ఆవుపాలు, ఒక్కొక్కప్పుడు ఆముదపు చుక్క, తేనె చుక్క. ఏడాది నిండని బిడ్డకు ఆవుపాలు తల్లిపాలకు బదులు కావని, వాటిలో మాంసకృత్తులూ లవణాలూ ఎక్కువ, ఇనుము తక్కువ అని, తేనె వల్ల ఆ వయసులో ప్రాణాపాయం కూడా కలుగవచ్చని ఈనాడు మనకు తెలుసు. పోసిన పదార్థాన్ని మనం వదిలివేయాలి; పోసిన తీరును మాత్రం పోగొట్టుకోకూడదు. సీసా కంటే గిన్నెను శుభ్రం చేయడం తేలిక గనుక గిన్నెతో పట్టమని నేటి వైద్యులు కూడా చెబుతున్నారు.

మనవరాలు ఆ డబ్బాను అటూ ఇటూ తిప్పి, “బిడ్డల పాలడబ్బా మీద బిడ్డ బొమ్మే లేదేమిటి?” అని కూడా అడిగింది. ఆ గమనింపుకు నేను చాలా సంతోషించాను. పాలపొడి డబ్బాల మీద పసిపిల్లల బొమ్మలు గాని తల్లుల బొమ్మలు గాని ముద్రించరాదని, వాటికి ప్రకటనలు ఇవ్వరాదని మన దేశంలో 1992లో చట్టం చేశారు. ముద్దులొలికే బొమ్మ చూసి మోసపోయి, పాలున్న తల్లి కూడా తన పాలు మానుకోకూడదని ఆ చట్టం ఉద్దేశం. తల్లిపాలకు సాటి వచ్చేది ఇంతవరకు ఎవరూ తయారుచేయలేదు. మొదటి ఆరు నెలలు బిడ్డకు అవే చాలు. అయితే తల్లికి జబ్బు చేసినప్పుడో, పాలు చాలనప్పుడో డాక్టరుగారు వ్రాసి ఇచ్చిన డబ్బాపాలు పడుతున్న ఇంటిని, ఆ తల్లిని ఒక్క మాట కూడా అనకండి. చుట్టపుచూపుగా వచ్చినవారు అంటే, మీరు వెళ్లి అమ్మ పక్కన కూర్చోండి.

ఇంతకీ కొలతలన్నీ చెప్పాను గాని, అసలు సంగతి ఇంకా చెప్పలేదు. పొడికీ నీటికీ ఉన్న లెక్క మనం వెంట్రుకవాసి తప్పకూడనిది. ఒక విడతలో ఎంత తాగాలన్నది మాత్రం బిడ్డ లెక్క. 60 మిల్లీలీటర్లు కలిపితే 45 తాగి ముఖం తిప్పుకోవచ్చు, మరుసటి విడత మొత్తం తాగి ఇంకా అడగవచ్చు. సీసాలో మిగిలింది గదా అని నోట్లో కుక్కితే, మా నాన్నగారి మడిలో నేను చేసిన పనే చేసినట్టు. తాగినది చాలిందో లేదో తెలుసుకోవడానికి వేరే దారి ఉంది: అయిదో రోజు దాటిన బిడ్డ రోజుకు ఆరు గుడ్డలైనా తడపాలి. పుట్టిన తొలి రోజుల్లో బరువు కొంత తగ్గి, రెండు వారాల లోపల మళ్లీ పుట్టినప్పటి బరువుకు రావాలి. తడి గుడ్డల లెక్క మీరు తీసుకోండి. వంటింటి గోడ మీది క్యాలెండరులో ఆ తేదీ గడిలో ఒక్కొక్క దానికి ఒక్కొక్క గీత పెట్టండి. గీతలు తగ్గినా, బిడ్డ పాలకు లేవకుండా మగతగా ఉన్నా వెంటనే పెద్దవాళ్లకు చెప్పండి. వాళ్లు ఆలస్యం చేయక డాక్టరుగారి దగ్గరకు తీసుకువెళ్లాలి.

ఏడుపు ఆకలికి ఆఖరి గుర్తు. దానికి ముందే బిడ్డ పెదవులు చప్పరిస్తుంది, చెంపకు ఏది తగిలితే అటు తల తిప్పి నోరు తెరుస్తుంది, గుప్పిళ్లు గట్టిగా బిగించి నోటి దగ్గరకు తెచ్చుకుంటుంది. ఇరవై ఏళ్లు పిల్లలకు పాఠాలు చెప్పిన నాకు, నోట మాట లేని ఈ పాప ఇంత స్పష్టంగా ఎలా చెప్పగలుగుతున్నదో ఇప్పటికీ అంతుపట్టదు. ఆ గుప్పిళ్ల సంగతి నేను వివరించలేను, మీరే చూడాలి. ఈ రాత్రి అమ్మమ్మ పాలు పట్టేటప్పుడు ఆమె పక్కన చప్పుడు చేయకుండా కూర్చొని చెల్లాయి చేతులే చూడండి. మొదట గింజ పట్టినట్టు బిగిసి ఉన్న ఆ గుప్పిలి, పొట్ట నిండుతున్నకొద్దీ మెల్లమెల్లగా వదులై విచ్చుకుంటుంది. ఏ వేలు ముందు తెరుచుకున్నదో చూసి నాకు ఉత్తరం వ్రాయండి.

ఆశీర్వచనాలతో,
మీ తాతయ్య