నాస్తికత్వానికి మతం పేరు తెచ్చిన ఫుట్‌నోట్

నాస్తికత్వం కూడా ఒక మతమేనన్న వాదన మళ్లీ రాజుకుంది. దేవుణ్ణి కాదన్న ప్రాచీన తత్వవేత్తల కథ అందరికీ తెలిసిందే కాబట్టి అక్కణ్ణుంచి మొదలుపెట్టడం లేదు. ఈ గొడవ ఇవాళ్టి రూపం తీసుకున్నది 1961 జూన్‌లో, అమెరికా సుప్రీంకోర్టు తీర్పులోని ఒక ఫుట్‌నోట్ వల్ల.

రాయ్ టోర్కాసోను మేరీలాండ్ రాష్ట్రంలో నోటరీగా నియమించారు. కానీ దేవుడున్నాడని నమ్ముతున్నట్టు ప్రకటిస్తేనే ఆ పదవి దక్కుతుంది. ఆయన ప్రకటించనన్నాడు, పదవి ఇవ్వలేదు. సుప్రీంకోర్టు ఆయన వైపే నిలిచింది: ప్రభుత్వ పదవికి దైవవిశ్వాసాన్ని షరతుగా పెట్టడం చెల్లదంది. అక్కడితో ఆగాల్సింది. తీర్పు రాసిన జస్టిస్ హ్యూగో బ్లాక్, దేవుడి ఊసెత్తని మతాలూ ఈ దేశంలో ఉన్నాయంటూ 11వ ఫుట్‌నోట్‌లో బౌద్ధం, తావోయిజం, ఎథికల్ కల్చర్ (దేవుడి కన్నా నీతికే పెద్దపీట వేసే ఉద్యమం)తో పాటు సెక్యులర్ హ్యూమనిజాన్నీ, అంటే దేవుడితో పని లేకుండా మానవ విలువలతో బతకాలనే ఆలోచననూ చేర్చారు.

ఆ ఫుట్‌నోట్‌కు ఆధారాల్లో ఒకటి 1957 నాటి పన్ను కేసు. చర్చిలకు ఇచ్చే ఆస్తిపన్ను మినహాయింపు తమ భవనానికీ ఇవ్వాలని కాలిఫోర్నియాలో ఫెలోషిప్ ఆఫ్ హ్యుమానిటీ అనే హ్యూమనిస్టు సంఘం కోర్టుకెక్కింది. దేవుణ్ణి నమ్ముతారా లేదా అన్నది తేల్చడం ప్రభుత్వం పని కాదని కోర్టు భావించింది. ఒక విశ్వాసం, దాన్ని నలుగురిలో చాటుకునే కూడిక, దాన్నుంచి వచ్చిన నీతి నియమాలు, వాటిని నిలబెట్టే సంస్థ: ఇవి ఉంటే చాలంది. మినహాయింపు దక్కింది. పన్ను విషయంలో ఇది న్యాయమైన కొలత. చర్చికి ఇచ్చేది వీళ్లకెందుకు ఇవ్వరన్నదే అక్కడి ప్రశ్న. అంతమాత్రాన, ఏ సంఘంలోనూ చేరకుండా ఇంట్లో కూర్చుని దేవుడు లేడనుకునే మనిషికి మతం అంటగట్టడం కుదరదు.

కానీ జరిగింది అదే. దేవుణ్ణి నమ్మనివాళ్ల రక్షణ కోసం రాసిన మాటను ఎదురు పక్షం అందిపుచ్చుకుంది. హ్యూమనిజం మతమైతే దాన్ని ప్రభుత్వ బడుల్లో ఎలా బోధిస్తారని అలబామాలో కొందరు తల్లిదండ్రులు నిలదీశారు. 1987లో ఫెడరల్ జడ్జి బ్రెవార్డ్ హ్యాండ్ వాళ్లతో ఏకీభవించి, నలభైకి పైగా పాఠ్యపుస్తకాలను తీసేయమన్నారు. అవి చరిత్ర, సాంఘికశాస్త్రం, హోమ్ ఎకనామిక్స్ పుస్తకాలు! దేవుడి ప్రస్తావన లేకపోవడమే ఇంకో మతాన్ని బోధించడం అయిపోయిందన్నమాట. అదే ఏడాది అప్పీల్ కోర్టు ఆ తీర్పును కొట్టేసింది. వాదన మాత్రం చావలేదు. ఇప్పుడు వినిపిస్తున్నదీ దాదాపు అదే.

మతమేననే వాళ్లు సోవియట్ యూనియన్‌ను చూపిస్తారు. అక్కడ 1925లో మొదలైన నాస్తికుల సంఘం ప్రచారం, బాప్టిజం బదులు పెట్టిన పేర్ల వేడుకలు, లెనిన్ సమాధి ముందు క్యూలు మతాన్ని గుర్తుచేసే మాట నిజమే. అయితే ఆ తంతులన్నీ పార్టీ పెట్టినవి, పార్టీ పట్ల విధేయత కోసం పెట్టినవి. దేవుడు లేడనుకోవడంలోంచి పుట్టినవి కావు.

2005లో విస్కాన్సిన్ జైల్లోని ఒక నాస్తికుడి కేసులో ఫెడరల్ అప్పీల్ కోర్టు, రాజ్యాంగ రక్షణ వరకు నాస్తికత్వాన్ని మతంగానే చూడాలంది. మత బృందాలు కూడుకోవడానికి వీలిచ్చిన జైలు అధికారులు, అతను పెడతానన్న నాస్తిక అధ్యయన బృందానికి మాత్రం ఒప్పుకోలేదు. ఈ తీర్పును ఎత్తిచూపేవాళ్లు 'రాజ్యాంగ రక్షణ వరకు' అన్న షరతును వదిలేస్తున్నారు.

ఆ రక్షణకు మతం ముద్ర అవసరం లేదని 1993లోనే ఐక్యరాజ్యసమితి మానవ హక్కుల కమిటీ తేల్చింది. పౌర, రాజకీయ హక్కుల అంతర్జాతీయ ఒడంబడికలోని 18వ అధికరణం ఆస్తిక, నాస్తిక విశ్వాసాలతో పాటు ఏ మతాన్నీ పాటించకుండా ఉండే హక్కునూ కాపాడుతుందని ఆ ఒడంబడికను వివరిస్తూ ఇచ్చిన తన 22వ వ్యాఖ్యలో రాసింది. టోర్కాసో అడిగింది కూడా ఆ చివరి హక్కునే.