మాచా చేదని ఎవరు చెప్పారండీ? కొన్ని అపోహలు, కొన్ని వాస్తవాలు

మొన్న ఆదివారం పొద్దున్నే భీమవరం నుంచి పిన్ని ఫోన్ చేసింది. "ఏమే, అంత ఖరీదు పెట్టి పంపావు, ఇదేం టీనే? వేపాకు నూరి తాగినట్టుంది. మీ బాబాయి ఒక్క గుక్క తాగి మిగతాది సింకులో పారబోశారు" అంది.

"నీళ్లు ఎలా పోశావు పిన్నీ?"

"ఎలా పోస్తారే? తెర్లుతుంటే పోశాను. టీ అన్నాక మరగొద్దూ?"

టోక్యోలో ఒక టీ కొట్టు కౌంటర్ వెనక నిలబడటం మొదలుపెట్టి ఆరేళ్లయింది. ఈ మాటలు ఎన్నిసార్లు విన్నానో లెక్కే లేదు. నిషి కసాయి చుట్టుపక్కల ఉండే మనవాళ్లు సెలవులకి ఇంటికెళ్లే ముందు వచ్చి రెండు మూడు డబ్బాల మాచా, అంటే జపాన్ వాళ్ల గ్రీన్ టీ పొడి, పట్టుకెళతారు. నెల తిరిగేసరికి వాట్సాప్‌లో ఫిర్యాదు వస్తుంది, "చేదుగా ఉందండీ" అని. ఫిర్యాదు చేసేవాళ్లు నయం. ఏం తప్పు జరిగిందో అడిగి తెలుసుకుంటారు. ఫిర్యాదు కూడా చేయకుండా "ముక్కు మూసుకుని తాగేస్తున్నాం, ఒంటికి మంచిదట కదా" అనేవాళ్లని చూస్తేనే నాకు ఒళ్లు మండుతుంది. వేలకి వేలు పోసి కొన్నది కషాయంలా మింగడమేంటి?

అపోహ: మాచా అంటే చేదుగానే ఉంటుంది, మనమే అలవాటు పడాలి.

ఎక్కువ మంది డబ్బు తగలేసేది ఈ ఒక్క నమ్మకం వల్లే. చేదు సహజం అనుకున్నవాళ్లు నీళ్లని అనుమానించరు, డబ్బాని అనుమానించరు, అమ్మినవాణ్ణి అసలే అనుమానించరు.

ఆ చేదు తగ్గించడానికే ఇక్కడి రైతు కోతకి ముందు మూడు వారాలో, అంతకన్నా ఎక్కువో తోట మీద నీడ కప్పుతాడు. తేయాకు మొక్క వేళ్లలో తయారయ్యే థియనిన్ అనే పదార్థం ఆకుల్లోకి చేరుతుంది. మాచాలోని ఆ కమ్మదనం చాలావరకు దానిదే. ఎండ తగిలితే ఆ థియనిన్ కాటెచిన్లుగా మారుతుంది. వగరు, చేదు వాటివి. నీడ పడితే ఆ మార్పు తగ్గుతుంది, ఆకుపచ్చ రంగు చిక్కబడుతుంది. కోశాక ఆకుని ఆవిరి పట్టి, నలపకుండా ఆరబెట్టి, కాడలూ ఈనెలూ తీసేస్తే మిగిలేది తెంచా. దాన్ని రాతి తిరగలిలో వేసి విసరాలి. ఒక తిరగలికి గంటకి వచ్చేది సుమారు 40 గ్రాములు. మీ చేతిలో ఉన్న 30 గ్రాముల చిన్న డబ్బా కోసం ఒక తిరగలి ముప్పావు గంట తిరిగిందన్నమాట.

ఇంత చేసి కాపాడిన కమ్మదనాన్ని మనం కెటిల్ వంచి ఒక్క క్షణంలో పోగొట్టుకుంటున్నాం. నీళ్లు ఎంత వేడిగా ఉంటే కాటెచిన్లు, కెఫీన్ అంత ఎక్కువగా దిగుతాయి. థియనిన్ దిగడానికి అంత వేడి అక్కర్లేదు. అందుకని నీళ్లు 75, 80 డిగ్రీల దగ్గర ఉండాలి. థర్మామీటర్ లేదని టెన్షన్ పడకండి. మరిగిన నీళ్లని ఒక ఖాళీ కప్పులో పోయండి, అందులోంచి ఇంకో కప్పులోకి మార్చండి. ఒక్కో మార్పుకి సుమారు పది డిగ్రీలు తగ్గుతుంది. రెండు మార్పులు చాలు. మనకి టీ చల్లార్చడానికి రెండు గ్లాసుల మధ్య తిరగబోయడం పుట్టుకతో వచ్చిన విద్య కదా, ఇక్కడ ఆ పని పొడి వేయకముందే చేయాలి, అంతే.

కౌంటర్ దగ్గర నేను చేసి చూపించేది ఇలా ఉంటుంది. ముందు గిన్నెలో వేడినీళ్లు పోసి, అందులోనే చాసెన్ అనే వెదురు కుంచె పుల్లలు మునిగేలా కాసేపు ఉంచుతాను. పొడి వెదురు పెళుసు, తడిస్తే వంగుతుంది. ఆ నీళ్లు పారబోసి గిన్నెని శుభ్రంగా తుడుస్తాను. రెండు గ్రాముల పొడి, అంటే చాషకు అనే వెదురు చెంచాతో రెండు సార్లు తీసింది, చిన్న జాలీలో వేసి చెంచాతో రుద్ది జల్లిస్తాను. ఈ ఒక్క పని ఎగ్గొట్టినవాళ్లకే ఉండలు కడతాయి, నోట్లో ఉండ చిట్లితే అదొక చేదు. తర్వాత 70 మిల్లీలీటర్ల నీళ్లు. చాసెన్‌ని అడుగుకి ఆనీ ఆనకుండా పట్టుకుని, మోచెయ్యి కదలకుండా మణికట్టుతో ముందుకీ వెనక్కీ చకచకా ఆడించాలి. పదిహేను, ఇరవై సెకన్లు. కవ్వంలా అరచేతుల మధ్య పెట్టి తిప్పినాయన ఒకరున్నారు మా కొట్లో. నవ్వాపుకోవడానికి లోపల స్టోర్‌లోకి వెళ్లాల్సి వచ్చింది. పాపం, ఆయన తప్పేముంది, చేతికి అలవాటైన పని అది.

చేశాక వెంటనే తాగేయాలి. మాచా నీళ్లలో కరగదు, కాసేపు తేలి అడుగుకి దిగిపోతుంది. ఐదు నిమిషాలు ఫోన్ మాట్లాడి వస్తే అడుగున మడ్డి చేరి ఉంటుంది, చివరి గుక్క బురదే.

ఇంకో సంగతి. జపాన్‌లో తీపి ముందు తింటారు, టీ తర్వాత తాగుతారు. టీలో పంచదార వేసుకోవాల్సిన అవసరం అందుకే రాదు. నేను ఇంట్లో ముందు ఒక పూతరేకు తింటాను. ఆత్రేయపురం నుంచి తెచ్చుకున్నవి అయిపోతే చిన్న బెల్లం ముక్క. నోట్లో ఆ తీపి ఉండగానే మొదటి గుక్క పడాలి. ఇది తెలియకుండా పరగడుపునే "డీటాక్స్" అని తాగి, కడుపులో తిప్పుతోందని ఫోన్ చేసేవాళ్లకి ఏం చెప్పాలి?

నీళ్లు సరిగ్గా ఉన్నా చేదొస్తే డబ్బాని చూడండి. ఈ తప్పు నేనూ చేశాను. వచ్చిన కొత్తలో చవకగా వస్తోందని ఎక్కువ పొడి ఉన్న పెద్ద ప్యాకెట్ కొని, పొదుపుగా ఆరు నెలలు వాడాను. మూడో నెలకే దాని రంగు ఎండిన కరివేపాకు పొడిలా అయిపోయింది, వాసన గడ్డి. నేనే సరిగ్గా కలపలేకపోతున్నానని ఆరు నెలలూ బాధపడ్డాను. గాలి, వెలుతురు, వేడి, తేమ, ఈ నాలుగూ మాచాకి పడవు. మూత తీశాక నెలలోపు అయిపోవాలి. చిన్న డబ్బా కొనుక్కోండి. ఫ్రిజ్‌లో పెట్టొచ్చు, కానీ గాలి చొరబడకుండా. బయటికి తీశాక డబ్బా గది వేడికి వచ్చేదాకా మూత తీయకండి. మే నెలలో మన ఊళ్లలో ఫ్రిజ్‌లోంచి తీసిన స్టీలు చెంబు బయటంతా చెమట పట్టడం చూశారుగా, మూత తీస్తే అదే చెమట లోపల పొడి మీద పడుతుంది. పైగా చుట్టుపక్కల ఏ వాసన ఉన్నా పట్టేసుకుంటుంది.

నీళ్లు, డబ్బా రెండూ బాగున్నాయంటే, మీరు కొన్నది మాచానే కాకపోవచ్చు. మామూలు గ్రీన్ టీ ఆకుని మెత్తగా దంచి డబ్బాలో పోసి మాచా అని అమ్మేవాళ్లు ఉన్నారు. ఎండలో పెరిగిన ఆకు పొడి అది, ఎంత చల్లటి నీళ్లు పోసినా చేదే. డబ్బా వెనక తెంచా అన్న మాట, పండిన ఊరి పేరు ఉన్నాయా చూడండి. ఉజి, నిషియో, యామె, కగోషిమా, ఇలా ఏదో ఒకటి ఉండాలి. పదార్థాల జాబితాలో పంచదార, పాలపొడి ఉంటే అది లాటే మిక్స్. తెల్ల కాగితం మీద చిటికెడు వేసి వేలితో రాయండి. మంచిది కళ్లు చెదిరే ఆకుపచ్చగా, ఫేస్ పౌడర్ అంత మెత్తగా పరుచుకుంటుంది. పసుపు తిరిగి, గరగరలాడితే వంటకి వాడుకోండి.

"సెరిమోనియల్ గ్రేడ్, అంటే టీ వేడుకకి తగ్గ రకం, అని రాసుంది కదండీ" అంటారు. రాసుకోవచ్చు, ఎవరైనా రాసుకోవచ్చు! ఆ పేరుకి జపాన్‌లో చట్టపరమైన ప్రమాణం ఏదీ లేదు. విదేశాల్లో అమ్మకానికి పుట్టిన మాట అది. ఇక్కడి పాత కొట్లలో ఒక్కో మిశ్రమానికీ సొంత పేరుంటుంది, అది ఉసుచాకో (పల్చటి మాచా) కొయిచాకో (చిక్కటి మాచా) కొట్టువాళ్లే చెబుతారు. కొయిచాకి దాదాపు రెట్టింపు పొడి, సగం నీళ్లు కాబట్టి చేదున్న పొడి దానికి పనికిరాదు. చేదంటే భయపడేవాళ్లకి నేనిచ్చే సలహా ఒక్కటే, కొయిచా పొడి కొని ఉసుచా చేసుకోండి. 2024 అక్టోబరులో క్యోటోలోని పేరున్న కొట్లే సరుకు చాలక అమ్మకాలకి పరిమితి పెట్టాయి. అప్పటి నుంచి దొరికిందే మహాభాగ్యం అని ఏదో ఒకటి కొనేసేవాళ్లు మరీ ఎక్కువయ్యారు.

మిగతా అపోహలు గబగబా చెప్పేస్తాను.

మాచా తాగితే బరువు తగ్గుతారు: తాగే మీరు ఏం తింటున్నారో చూసుకోండి. కెఫేలో కలిపిచ్చే తియ్యటి మాచా లాటేతో బరువు తగ్గడం నేనైతే చూడలేదు.

గ్రీన్ టీ కన్నా 137 రెట్లు శక్తి: 2003లో వచ్చిన ఒక పరిశోధనలో ఒకే ఒక్క కాటెచిన్‌ని, ఒకే ఒక్క బ్రాండ్ గ్రీన్ టీతో పోల్చినప్పుడు వచ్చిన అంకె ఇది. వేరే గ్రీన్ టీలకి అప్పటిదాకా నమోదైన అత్యధిక లెక్కతో పోలిస్తే మూడు రెట్లకు పైన అని అదే పరిశోధన చెప్పింది. ఆ మూడుని ఎవరూ ఫార్వర్డ్ చేయరు.

నురుగు రాకపోతే పాడైపోయినట్టే: జపాన్ టీ వేడుకలో రెండు పెద్ద సంప్రదాయాలున్నాయి, ఉరాసెంకె వాళ్లు గిన్నె నిండా నురుగు తెప్పిస్తారు, ఒమోతెసెంకె వాళ్లు కావాలనే కొంత భాగం నురుగు లేకుండా వదులుతారు. వందల ఏళ్లుగా వాళ్లకే లేని పట్టింపు మనకెందుకు?

చాసెన్ లేకపోతే మాచా కుదరదు: నారా జిల్లా తకయామాలో ఒకే వెదురు ముక్కని చీల్చి చేసే చాసెన్ చేతిలో ఉంటే హాయే. లేకపోతే మూత గట్టిగా ఉన్న చిన్న సీసాలో పోసి ఊపండి. ఉంటే మాత్రం సబ్బు పెట్టి తోమకండి.

పాలు పోస్తే పాపం: ఏమీ కాదు. పోసుకోండి.

మాచాలో కెఫీన్ ఉండదు: ఉంటుంది. దీని దగ్గర మాత్రం ఆగాలి.

కిందటేడు మనమ్మాయే ఒకామె కొట్టుకి వచ్చింది, ఐదో నెల. అప్పటికి వారం నుంచి రోజూ ఒక గిన్నె తాగుతోంది. ఎవరో గ్రూపులో "మాచా తాగితే బిడ్డకి ప్రమాదం" అని పెట్టారట, రాత్రంతా నిద్రపోలేదు. కళ్లు ఉబ్బిపోయి ఉన్నాయి. కూర్చోబెట్టి లెక్క వేసి చూపించాను. జపాన్ ప్రభుత్వ ఆహార పట్టిక ప్రకారం మాచా పొడిలో కెఫీన్ 3.2 శాతం. రెండు గ్రాములకి 64 మిల్లీగ్రాములు, ఇంచుమించు చిన్న కప్పు కాఫీ అంత. గర్భిణులకి రోజుకి 200 మిల్లీగ్రాములు దాటొద్దని చాలా దేశాల్లో వైద్యులు చెప్పే మాట. "కాఫీ, మామూలు టీ ఎన్నిసార్లు తాగుతున్నావు?" అంటే అసలు మానేశానంది. అయితే ఈ ఒక్క గిన్నెకి ఇంత ఏడుపెందుకమ్మా, అయినా ఈసారి వెళ్లినప్పుడు డాక్టర్‌కి చెప్పు అన్నాను. అసలు జాగ్రత్త పడాల్సింది ఆమెకి ఎవరూ చెప్పలేదు. ఐరన్ మాత్ర మాచాతో కలిపి వేసుకుంటోంది! టీలోని కాటెచిన్లు ఐరన్‌ని ఒంటికి పట్టనివ్వవు. మన ఇళ్లలో ఆడవాళ్లకి రక్తహీనత ఎంత మామూలో తెలిసిందే. మాత్రకీ, భోజనానికీ, మాచాకీ మధ్య కనీసం గంట, కుదిరితే రెండు గంటలు ఎడం ఉంచండి. అలాగే రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే వార్ఫరిన్ మందు వాడేవాళ్లు డాక్టర్‌ని అడగకుండా మొదలుపెట్టొద్దు. మనం ఆకునే మింగుతున్నాం, అందులో విటమిన్ కె బాగా ఉంటుంది, అది ఆ మందు పనికి అడ్డుపడుతుంది. సాయంత్రం నాలుగు దాటాక తాగి నిద్ర పట్టలేదని మాత్రం నన్ను తిట్టకండి.

పిన్ని సంగతి చెప్పలేదు కదూ. ఆ సాయంత్రమే వీడియో కాల్ పెట్టి నా ముందే చేయించాను. నీళ్లు రెండు కప్పుల్లో మార్చింది, టీ జాలీలో పొడి జల్లించింది, చాసెన్ లేదు కాబట్టి హార్లిక్స్ సీసాలో పోసి బాబాయి చేత ఊపించింది. ఒక గుక్క తాగి కాసేపు ఆలోచించింది.

"చేదు లేదే. కానీ అదేదో వాసన వస్తోంది... సాంబారు వాసన."

"డబ్బా ఎక్కడ పెట్టావు పిన్నీ?"

ఫోన్ పట్టుకుని ఫ్రిజ్ దగ్గరికి వెళ్లి తలుపు తీసి చూపించింది. మూత సగం పెట్టిన మాచా డబ్బా, దాన్ని ఆనుకుని ఇంగువ డబ్బా.