డిగ్రీ దగ్గర ఆగిపోయిన తెలుగు

బీటెక్ పాఠాలు తెలుగులో చెబితే ఎవరు చేరతారు? యూనివర్సిటీలో జరిగే సైన్స్ ఉపన్యాసాలు ఊళ్ళోవాళ్ళకి అర్థమయ్యే భాషలో ఎందుకు ఉండవు? విశాఖలో ఈ రెండు ప్రశ్నలూ చల్లారినట్టే ఉండి మళ్ళీ రాజుకుంటూ ఉంటాయి. ఆంధ్ర విశ్వవిద్యాలయం నూరేళ్ళ మాట ఎత్తినప్పుడల్లా ఇవీ వెంట వస్తున్నాయి. 1926 చట్టం, బెజవాడ నుంచి వాల్తేరుకి మారడం, వైస్ ఛాన్సలర్లు కట్టమంచి, రాధాకృష్ణన్, జయపురం మహారాజు విరాళాలు అందరికీ తెలిసినవే. ఇప్పటి తగాదాకి వాటిలో జవాబు దొరకదు. జవాబు 1968లో ఉంది.

ముందు 2021 సంగతి చెప్పాలి, ఎందుకంటే ఇప్పుడు మాట్లాడేవాళ్ళంతా అక్కడి నుంచే మొదలుపెడుతున్నారు. ఆ జూన్‌లో రాష్ట్ర ఉన్నత విద్యామండలి 2021-22 నుంచి డిగ్రీ కాలేజీలన్నిటిలో ఇంగ్లీషు మీడియమే అని ప్రకటించింది. జూలై 29న ప్రధానమంత్రి 8 రాష్ట్రాల్లోని 14 ఇంజనీరింగ్ కాలేజీలు 5 భారతీయ భాషల్లో పాఠాలు చెప్పబోతున్నాయన్నారు. ఆ అయిదింటిలో తెలుగు ఒకటి. ఇంజనీరింగ్ సీట్ల కోసం రాసే జేఈఈ మెయిన్ పరీక్షలో తెలుగు ప్రశ్నపత్రం వచ్చిందీ ఆ ఏడాదే. దాని తర్వాత రాయాల్సిన అడ్వాన్స్‌డ్ మాత్రం ఇంగ్లీషు, హిందీల్లోనే ఉంది. కింద వాకిలి మూసి, మేడ మీద కిటికీ తెరిచినట్టయింది. డిగ్రీ దాకా తెలుగు లేని పిల్లవాడు బీటెక్ తెలుగులో ఎందుకు చదువుతాడు? అడిగేవాళ్ళది న్యాయమైన ప్రశ్నే. కానీ ఈ తికమక 2021లో పుట్టలేదు.

చదువుల మీద కేంద్రం వేసిన, 1964 నుంచి 1966 వరకు పనిచేసిన కొఠారి కమిషన్ యూనివర్సిటీ చదువు కూడా ప్రాంతీయ భాషల్లోకి రావాలని, అందుకు పదేళ్ళు గడువు పెట్టుకోవాలని చెప్పింది. 1968లో జాతీయ విద్యావిధానం అదే దారి పట్టింది. ఆ ఆగస్టులోనే తెలుగులో పాఠ్యపుస్తకాలు తెచ్చేందుకు తెలుగు అకాడమీ ఏర్పడింది. అప్పటి రాష్ట్ర విద్యాశాఖ మంత్రి పి.వి. నరసింహారావు దాని మొదటి అధ్యక్షుడు. ఇంటర్మీడియట్, డిగ్రీ పుస్తకాలు తెలుగులో వచ్చాయి. ద్రవ్యవేగం, వ్యతికరణం, వివర్తనం, అనునాదం లాంటి మాటలు బీఎస్సీ క్లాసులోకి నడిచొచ్చాయి. కొన్ని మాటలు బరువైనవే, కాదనను. అయినా శ్రీకాకుళం, విజయనగరం పల్లెల నుంచి వచ్చి, ఇంట్లో తామే మొదట కాలేజీ గుమ్మం తొక్కిన పిల్లలు ఫిజిక్స్‌ని కంఠస్థం చేయకుండా అర్థం చేసుకున్నది ఆ పుస్తకాలతోనే.

మెట్లు కట్టడం మాత్రం అక్కడే ఆపేశారు. ఇంజనీరింగ్, వైద్యం, ఎమ్మెస్సీ ఇంగ్లీషులోనే ఉండిపోయాయి. పుస్తకాలు రాయించినవాళ్ళు పైమెట్టు గురించి పట్టించుకోలేదు. వాల్తేరు అప్‌లాండ్స్‌లో, అంటే ఆంధ్ర యూనివర్సిటీలో, పాఠాలు చెప్పేవాళ్ళకి కింద నుంచి ఏ మాటలతో పిల్లలు వస్తున్నారో తెలుసుకునే అవసరం పడలేదు. నా దృష్టిలో మలుపు ఇదే. ఆ తర్వాత తెలుగు మీడియం అంటే ముందుకి దారిలేని చదువు అని పేరు పడింది. పేరు పడ్డాక తల్లిదండ్రులు పిల్లల్ని అందులో చేర్చడం మానేశారు. ఎవరూ చేరడం లేదు కాబట్టి ఎత్తేయాలి అన్న వాదన చివరికి వచ్చింది.

నేను తెలుగులో బీఎస్సీ చదివి ఎమ్మెస్సీలో చేరినవాణ్ణి. మొదటి వారం క్లాసులో ఒక సందేహం తెలుగులో అడిగాను. "ఇంగ్లీషులో అడుగు బాబూ" అన్నారు సార్, కోపంగా కూడా కాదు. కూర్చుండిపోయాను. జవాబు తెలిసిన ప్రశ్నలకి కూడా ఆ ఏడాది నోరు విప్పలేదు. ఏ యూనివర్సిటీ అన్నది ఇక్కడ అవసరం లేదు, అప్పట్లో ఎక్కడైనా అంతే.

ఇంగ్లీషు ఉండాలనేవాళ్ళ మాటలో బలం ఉంది. ఎంటెక్ కోసం రాసే గేట్ పరీక్ష ఇంగ్లీషులో, పరిశోధన పత్రాలు ఇంగ్లీషులో, ఉద్యోగం ఇచ్చే కంపెనీలు ఇంటర్వ్యూ చేసేది ఇంగ్లీషులో. ప్లేస్‌మెంట్ టెన్షన్‌లో ఉన్న పిల్లలకి ఇదంతా చిన్న విషయం కాదు. అయితే తెలుగులో ఇంజనీరింగ్ అసలు కుదరదని అనేవాళ్ళు హైదరాబాద్ వైపు ఒకసారి చూడాలి. 1918లో మొదలైన ఉస్మానియాలో మూడు దశాబ్దాల పాటు ఉర్దూలో చదువు చెప్పారు, వైద్యం, ఇంజనీరింగ్‌తో సహా. అంతకు ఏడాది ముందే అనువాదాల కోసం ఒక సంస్థ పెట్టుకున్నారు. పుస్తకం ముందు, క్లాసు తర్వాత. కింది నుంచి పై దాకా ఒకే వరస. మనం 1968లో ఆ వరసలో సగమే తీసుకున్నాం.

ఇక ఉపన్యాసాల సంగతి. ఇండియన్ సైన్స్ కాంగ్రెస్ ఈ ఊరికి 1976లో ఎం.ఎస్. స్వామినాథన్ అధ్యక్షతన వచ్చింది, 2008లో మళ్ళీ వచ్చింది. అవి పండితుల సభలు, ఇంగ్లీషులో జరగడం సహజం. సభ ముగిశాక ఆ విషయం ఊళ్ళోకి దిగే మెట్టు లేకపోవడమే లోటు. 1950ల్లో ఇక్కడికి వచ్చి పనిచేసిన అమెరికన్ సముద్ర శాస్త్రవేత్త లాఫాండ్, తూర్పు తీరం ముందు సముద్రం అడుగున ఉన్న లోయల గురించి రాశారు. వాటి పేర్లు ఆంధ్ర, మహదేవన్, కృష్ణ. రోజూ ఆ నీళ్ళ మీదికి వెళ్ళే జాలరిపేట వాళ్ళకి ఈ సంగతి తెలుగులో చెప్పిన సాయంత్రం ఒక్కటైనా నాకు గుర్తులేదు.

2020 మే 7 తెల్లవారుజామున ఈ లోటు ప్రాణాల మీదికి వచ్చింది. విశాఖ వెంకటాపురంలోని ఎల్జీ పాలిమర్స్ ఫ్యాక్టరీ నుంచి, ప్లాస్టిక్ తయారీకి వాడే స్టైరీన్ ఆవిరి బయటికొచ్చి 12 మంది చనిపోయారు. చుట్టుపక్కల ఇళ్ళలో చాలామంది ఆ పేరు వినడం అదే మొదలు. అదేమిటి, నీళ్ళలో కలిసిందా, ఇంట్లోకి ఎప్పుడు వెళ్ళొచ్చు అని అందరినీ అడిగారు. కెమికల్ టెక్నాలజీ 1930ల నుంచి నేర్పుతున్న ఊరు ఇది.

ఆ జవాబు తెలుగులో చెప్పడం కష్టమేమీ కాదు. స్టైరీన్ చల్లగా ఉంచితే ద్రవంగా నిలిచి ఉంటుంది. వేడెక్కితే దాని అణువులు గొలుసులా ఒకదానికొకటి అతుక్కుంటూ పోతాయి, అతుక్కునేటప్పుడు ఇంకా వేడి పుడుతుంది. ఆ గొలుసు మొదలు కాకుండా ట్యాంకులో ఒక నిరోధక రసాయనం కలుపుతారు, అది రోజులు గడిచేకొద్దీ ఖర్చయిపోతుంది, మళ్ళీ కలపాలి. లాక్‌డౌన్‌లో ప్లాంటు ఆగి ఉన్న వారాల్లో చల్లదనమూ చాలలేదు, ఆ రసాయనమూ చాలలేదు. ట్యాంకులో వేడి పెరిగింది, ద్రవం ఆవిరైంది, ఆవిరి గాలికన్నా బరువు కాబట్టి నేలబారుగా ఇళ్ళ మీదికి పాకింది.